తీపి వేరు, పంచదార వేరు

మిరప కోతలు సాగినన్నాళ్లూ గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల రైతు ఇళ్లలో టీపొడి, పంచదార పద్దు పెరుగుతుంది. కోతకొచ్చిన ముఠాకు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి టీ పోయడం రైతు వంతు. పంచదార తగ్గితే చేలోనే మాట పడాల్సి వస్తుంది. అదే ఇంట్లో పెద్దాయనకో, ఆయన భార్యకో షుగరు జబ్బు ఉంటుంది. వాళ్ల గ్లాసులో మాత్రం పంచదారకు బదులు చిన్న బెల్లం ముక్కో, మందుల షాపులో కొన్న తెల్లటి బిళ్లో పడుతుంది. “బెల్లం అయితే ఏం కాదు”, “తాటిబెల్లం షుగరుకు మందు”, “ఆ బిళ్లలు వాడితే కాన్సరు వస్తుందట”, “పంచదారంత విషం ఇంకోటి లేదు”... రచ్చబండ దగ్గర ఎవరి మాట వారిది.

ఇది ఏదో పట్నం వాళ్ల గొడవ అనుకోవడానికి లేదు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. పల్లెల్లో 20 ఏళ్లు దాటిన ప్రతి వందమందిలో సుమారు తొమ్మిదిమందికి ఉంది. ఎకరం, రెండెకరాల రైతు ఇంట్లో ఒకరికి కాలు పుండు పడి ఆసుపత్రి పాలైతే ఆ ఏడు మిరప మీద వచ్చినదంతా అక్కడికే పోతుంది. కాబట్టి ఏ తీపి ఏం చేస్తుందో కాస్త వివరంగా తెలుసుకోవాలి.

ముందుగా ఒక్క విషయం పట్టుకుంటే మిగతా చిక్కులన్నీ సులువుగా విడిపోతాయి. తీపి అనేది నాలుకకు తెలిసే రుచి. పంచదార ఒంట్లోకి వెళ్లి పనిచేసే ఆహారం. ఈ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయని అనుకుంటాం గానీ, ఉండాలని లేదు.

పేర్లు వేరు, సరుకు ఒకటే

పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు జంటగా అతుక్కుని ఉంటాయి. పేగుల్లోకి వెళ్లగానే అవి విడిపోతాయి. గ్లూకోజు నేరుగా రక్తంలో కలుస్తుంది, షుగరు పరీక్షలో కనిపించేది అదే. ఫ్రక్టోజు కాలేయానికి పోతుంది. అది మితిమీరితే కాలేయంలో కొవ్వుగా మారుతుంది.

బెల్లంలోనూ ఎక్కువ భాగం, అంటే నూటికి 65 నుంచి 85 పాళ్ల వరకు, ఇదే పంచదార. మిగతాదానిలో విడిపోయిన గ్లూకోజు, ఫ్రక్టోజు, కాస్త తేమ, కొద్దిగా ఖనిజాలు ఉంటాయి. తాటిబెల్లం సంగతీ ఇంతే. తేనెలో ఆ రెండూ ముందే విడిపోయి ఉంటాయి. షుగరు ఉన్న మనిషి రక్తంలో చక్కెరను బెల్లం కూడా పంచదారలాగే పెంచుతుంది. తాటిబెల్లం షుగరుకు మందు అన్న మాట నమ్మి మామూలు బిళ్లలు మానేసినవాళ్లకు జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

బెల్లంలో ఇనుము ఉంటుంది కదా అని అడుగుతారు. నిజమే, ఉంటుంది. లెక్క చూడండి. పది గ్రాముల ముక్కలో దొరికేది మహా అయితే అర మిల్లీగ్రాము. ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించింది. ఆ లోటు బెల్లంతో తీరాలంటే తినాల్సినంత బెల్లం ఎవరూ తినలేరు, తినకూడదు కూడా. ఒకప్పుడు ప్రకాశం మెట్ట ఊళ్లలో రోజూ తిన్న సజ్జల్లో వంద గ్రాములకు ఆరు మిల్లీగ్రాములకు పైనే ఇనుము ఉంది. ఇనుము కావాలంటే సజ్జ రొట్టె తినాలి. బెల్లాన్ని రుచికి తినాలి.

బెల్లం రంగు గురించి కూడా చెప్పాలి. బంగారు రంగులో మెరిసే అచ్చు కోసం కొన్ని చోట్ల వండేటప్పుడు హైడ్రోసు అనే రసాయనం వేస్తారు. దాంతో గంధకపు వాయువు బెల్లంలో మిగిలిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పడదు. దానికి చట్టంలో పరిమితి ఉంది కానీ కొట్లో కొనేటప్పుడు కొలిచేదెవరు? ముదురు రంగు బెల్లమే నయం. ఆ నల్లబెల్లం చూస్తే నాటుసారాకేమోనని ఎక్సైజు వాళ్లకు అనుమానం, తెల్లగా లేదని కొనేవాడికి చిన్నచూపు. మధ్యలో చెరకు రైతు హైడ్రోసు వెయ్యక ఏం చేస్తాడు? బెండ జిగురుతో మడ్డి తీసి వండిన బెల్లానికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొనేవాళ్లుంటే ఆ అలవాటు దానంతటదే పోతుంది.

మొక్కజొన్న నుంచి తీసే పాకం సంగతి రైతులకు ప్రత్యేకంగా తెలియాలి. తెనాలి, దుగ్గిరాల వైపు వరి కోసిన మాగాణుల్లో దున్నకుండా వేసే మొక్కజొన్న వంటి పంట స్టార్చి ఫ్యాక్టరీలకు కూడా వెళ్తుంది. గింజలోని పిండిని అక్కడ విరగ్గొట్టి లిక్విడ్ గ్లూకోజు చేస్తారు. చాక్లెట్లలో, బిస్కెట్లలో కలిపేది అదే. అమెరికాలో ఇంకో మెట్టు పైకెళ్లి, అందులో సగం గ్లూకోజును ఫ్రక్టోజుగా మార్చి ఒక పాకం తీస్తారు. 1984లో అక్కడి పెద్ద కూల్‌డ్రింకు కంపెనీలు పంచదార మాని దానికి మారాయి. ఈ పాకం విషమని చాలా ప్రచారం జరిగింది. కూల్‌డ్రింకుల్లో వాడే రకంలో ఫ్రక్టోజు నూటికి 55 పాళ్లు, పంచదారలో 50. తేడా అంతే. మన దేశంలో కూల్‌డ్రింకుల్లో కలిపేది ఎక్కువగా చెరకు పంచదారే. అంతమాత్రాన అవి మంచివైపోవు. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాముల పైచిలుకు, అంటే ఆరు చెంచాల పంచదార కరిగి ఉంటుంది. ముప్పు పాకానిది కాదు, ఆ ఆరు చెంచాలది.

శాక్రిన్ సంగతి

ఇక తీపి మాత్రమే ఉండి పంచదార లేని సరుకుల గురించి చూద్దాం. వీటిలో మన ఊళ్లకు పాత చుట్టం శాక్రిన్. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త తారు నుంచి తీసిన పదార్థాలతో ప్రయోగాలు చేస్తూ, చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడు. రొట్టె విపరీతంగా తియ్యగా తగిలింది. అలా బయటపడింది. పంచదారకన్నా 300 రెట్లకు పైగా తీపి. మొదటి ప్రపంచ యుద్ధంలో పంచదారకు కరువొచ్చినప్పుడు దీని వాడకం బాగా పెరిగింది. ఒంట్లో అరగదు, మూత్రంలో వచ్చినట్టే బయటికి పోతుంది. అందుకే రక్తంలో చక్కెర పెంచదు.

మరి కాన్సరు మాట ఎక్కడిది? 1970ల్లో ఎలుకలకు చాలా ఎక్కువ మోతాదులో పెట్టినప్పుడు మూత్రాశయంలో కణుతులు కనిపించాయి. 1977లో కెనడా నిషేధించింది. అమెరికాలో డబ్బాల మీద హెచ్చరిక అచ్చువేయించారు. తర్వాత తెలిసిందేమంటే, మగ ఎలుకల మూత్రం తీరు వేరు, అందులో ఈ సరుకు గరుకు పలుకుల్లా పేరుకుని మూత్రాశయాన్ని గీరుతుంది. మనుషుల్లో అలా జరగదు. 2000లో అమెరికా దాన్ని కాన్సరు కారకాల జాబితాలోంచి తీసేసింది, హెచ్చరికా ఎత్తేసింది. కాబట్టి ఆ భయం పాతది.

అయితే మన దగ్గర శాక్రిన్‌తో గొడవ కాన్సరు కాదు, కొలత. మనిషి బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం చెప్పింది. 50 కిలోల మనిషికి 250 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లవాడికి 75 మాత్రమే. సోడా, కూల్‌డ్రింకుల్లో లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదని మన నిబంధన. కొలిచి కలిపితే పిల్లవాడికి ఒక సీసాతో ముప్పు లేదు. కానీ ఎండాకాలం బడి ముందు అమ్మే పుల్ల ఐసులో, రంగు షరబత్తులో వేసేవాడు త్రాసు పెట్టి వేస్తాడా? చిటికెడు వేస్తే బకెట్టు తియ్యనవుతుంది. పంచదారకన్నా ఎంతో చవక. నాలుక చివర చేదుగా, లోహం రుచిలా తగిలితే శాక్రిన్ ఎక్కువ పడిందని గుర్తు. ఆ సరుకులో నీళ్లు ఎక్కడివన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఎండాకాలంలో పిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చేది చాలావరకు ఆ నీళ్లే.

తెలంగాణ కల్తీకల్లులో కూడా శాక్రిన్ పేరు వినపడుతుంది. అక్కడ ప్రాణం తీసేది శాక్రిన్ కాదు, దానితోపాటు కలిపే క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్ వంటి మత్తుమందులు. వాటి చేదును కప్పెయ్యడమే శాక్రిన్ పని. తీపి వక్కపొడి పొట్లం కూడా ఇలాంటిదే. అందులో తీపి కన్నా వక్కకే భయపడాలి. వక్క కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు విభాగం 2004లోనే తేల్చింది. తీపి కలిపేసరికి పిల్లలు చాక్లెట్‌లా నములుతున్నారు.

మందుల షాపు బిళ్లలు

షుగర్‌ఫ్రీ అని అమ్మే బిళ్లల్లో, పొడుల్లో ఎక్కువగా ఉండేవి ఆస్పర్టేమ్, సుక్రలోజ్. సుక్రలోజ్ కథ గమ్మత్తుగా ఉంటుంది. 1976లో లండన్‌లో చదువుకుంటున్న శశికాంత్ ఫడ్నిస్ అనే మన దేశపు విద్యార్థికి ఆయన గురువు పంచదార నుంచి చేసిన ఒక పదార్థాన్ని పరీక్షించమన్నారు. ఇంగ్లీషులో పరీక్షించు, రుచిచూడు అనే మాటలు దగ్గరగా ఉంటాయి. ఈయన రుచి చూడమన్నారనుకుని నాలుక మీద వేసుకున్నాడు. పంచదారకన్నా 600 రెట్లు తియ్యగా ఉంది.

ఆస్పర్టేమ్ మనుషులకు కాన్సరు కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో 2023 జులైలో చేరింది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. ఆ జాబితా ‘సాక్ష్యం కొద్దిగా ఉంది, తేలలేదు’ అని చెప్పేది. అదే సమయంలో మోతాదులు చూసే నిపుణుల సంఘం, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితిని మార్చనక్కర్లేదంది. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకు తొమ్మిది నుంచి పద్నాలుగు డబ్బాల డైట్ కూల్‌డ్రింకు తాగాలని లెక్క వేసి చూపింది. రోజుకు రెండు బిళ్లలు టీలో వేసుకునే పెద్దాయనకు దాని వల్ల కంగారు లేదు. పుట్టుకతో వచ్చే ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముట్టకూడదు. ఇంకో సంగతి, ఆస్పర్టేమ్ మరిగితే తీపి పోతుంది. టీ దించాక వెయ్యాలి. పాయసంలో వేసి ఉడికించి, తీపి రాలేదని ఇంకో పది బిళ్లలు వెయ్యకండి.

ప్రమాదం లేదన్నంత మాత్రాన లాభం ఉందని కాదు. బరువు తగ్గడానికి ఈ కృత్రిమ తీపి పదార్థాలను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సలహా ఇచ్చింది. చాలాకాలం వాడితే కొవ్వు తగ్గిన దాఖలా లేదని, ఆ వాడేవాళ్లలో షుగరు, గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయని చెప్పింది. అవి వీటివల్లే వచ్చాయని తేలలేదు. ఇప్పటికే షుగరు ఉన్నవాళ్లకు ఆ సలహా వర్తించదని కూడా అందులోనే ఉంది. వాళ్లు పంచదార మానేందుకు కొన్నాళ్లు ఊతకర్రలా వాడుకోవచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, టీలో బిళ్ల వేశాం కదా అని పక్కనే నాలుగు బిస్కెట్లు లాగించడం దగ్గర. షుగర్‌ఫ్రీ అని రాసిన బిస్కెట్టయినా మైదానే. మైదా కూడా కడుపులో గ్లూకోజే అవుతుంది.

స్టీవియా ఆకు నుంచి తీసిన తీపికి మన దేశంలో 2015లో అనుమతి వచ్చింది. వాడుకోవచ్చు. దాన్ని ఎకరాల కొద్దీ పండించమని మొక్కలు అమ్మేవాళ్లు మీ ఊరొస్తే మాత్రం, ఆకు తిరిగి కొనేదెవరో, ఏ ధరకో కాగితం మీద చూపించమనండి. అది చూశాకే అచ్చారం ఇవ్వండి.

పంచదారే మందయ్యే వేళ

పంచదారను విషమని ఇంట్లోంచి తరిమేసినవాళ్లు ఈ భాగం తప్పక చదవాలి.

షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ల గానీ వాడే మనిషి పొద్దున్నే మందు వేసుకుని, ఏమీ తినకుండా చేలోకి వెళ్లాడనుకోండి. పత్తి తీస్తూనో, మిరప కల్లంలో కాయలు నేరుస్తూనో పదకొండు గంటలకు ఒళ్లు చల్లబడి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. పక్కవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు, తాగాడేమో అని కూడా అనుకుంటారు. ఒంట్లో చక్కెర పడిపోవడం అది. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పంచదార లేకపోతే బెల్లమైనా సరే. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి ఫోను చెయ్యాలి.

ఆ సమయంలో షుగర్‌ఫ్రీ బిళ్ల నీళ్లు తాగిస్తే తియ్యగానే ఉంటాయి, మనిషి మాత్రం లేవడు. షుగరు మందు వాడేవాళ్లు చేలోకి వెళ్లేటప్పుడు చద్దికూటితోపాటు చిన్న పొట్లంలో పంచదార కట్టుకెళ్లాలి. మందు వేసుకుని తిండి మానడం అసలు పనికిరాదు. పక్కన పనిచేసేవాళ్లకు ‘నాకు షుగరు ఉంది’ అని చెప్పుకోవడంలో సిగ్గేమీ లేదు.

రెండోది విరేచనాలు. పేగు ఉప్పును లోపలికి లాక్కోవాలంటే దాని పక్కన గ్లూకోజు ఉండాలి, ఉప్పు వెంట నీరు వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు కలకత్తా డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బతికించారు. ఓఆర్‌ఎస్ వాడకం విస్తరించడానికి అదే బాట వేసింది. లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. కృత్రిమ తీపితో ఈ పని జరగదు. పంచదార మరీ ఎక్కువైనా జరగదు, పేగులోకి నీరు ఎదురు లాగి విరేచనాలు పెంచుతుంది.

ఇక్కడే మోసం జరిగింది. ఓఆర్‌ఎస్ అక్షరాలు పేరులో పెట్టుకుని, అంతకు ఎన్నో రెట్లు పంచదార కలిపిన రంగు డబ్బాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్మారు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిపై ఎనిమిదేళ్లు పోరాడారు, 2022లో తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ అక్షరాలు వాడకూడదని ఆదేశించింది. మీరు మాత్రం షాపులో పొడి పొట్లమే అడగండి, దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. పొట్లం మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా గీసి వెయ్యాలి. కన్నీటి కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. షుగరు ఉన్నవాళ్లయినా విరేచనాలప్పుడు ఇది మానకూడదు, డాక్టరుకు చూపించుకుంటూ తాగాలి.

రోజుకు ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు పంచదార, బెల్లం, తేనె అన్నీ కలిపి రోజుకు 50 గ్రాములు మించకూడదు, 25కు తగ్గితే ఇంకా మంచిది. రోజుకు ఐదు టీలు, గ్లాసుకు రెండు చెంచాలు అంటే 50 గ్రాములు టీలోనే అయిపోయింది. గ్లాసుకు ఒక చెంచా తగ్గిస్తే మనిషికి నెలకు ముప్పావు కిలో, నలుగురున్న ఇంట్లో మూడు కిలోలు మిగులుతుంది. ఒక్కసారిగా తగ్గిస్తే నాలుక ఒప్పుకోదు. వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి, ముఠాకు పోసే టీలో కూడా.

పొద్దంతా వంగి కోత కోసే మనిషికి ఆ పంచదార కొంత ఖర్చయిపోతుంది. కోతలయ్యాక మంచం మీద కూర్చున్న నెలల్లోనూ అన్నే టీలు తాగడం దగ్గర చిక్కు. షుగరు ఉన్నవాళ్లు టీలో చెంచా మానేసి, మూడు పూటలా పళ్లెం నిండా తెల్ల బియ్యపు అన్నం తింటే ఏం లాభం? అన్నంలోని పిండి అంతా గ్లూకోజే. అన్నం సగం చేసి ఆ చోట పప్పు, కూర పెంచాలి, ఒక పూట జొన్నో సజ్జో తినాలి.

30 దాటినవాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి, డబ్బు అడగరు. షుగరు ముదిరినవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. పత్తి మోడు గుచ్చుకున్నా, తుమ్మముల్లు దిగినా తెలియదు. చెప్పులు లేకుండా చేలో దిగకూడదు, రాత్రి కాళ్లు కడుక్కున్నాక వేళ్ల సందులు, అరికాలు ఎవరిచేతనైనా చూపించుకోవాలి.

చివరగా డబ్బాల సంగతి. కృత్రిమ తీపి కలిపితే ఆ మాట లేబుల్ మీద వెయ్యాలన్నది నిబంధన. ఇంగ్లీషు రానివాళ్లు అంకెలు చూడవచ్చు. 950 అంటే ఏసిసల్ఫేమ్, 951 ఆస్పర్టేమ్, 954 శాక్రిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా తీపి. పిల్లలు కొనుక్కొచ్చిన ఐదు రూపాయల, పది రూపాయల సీసాలు తిప్పి చూడండి. పంచదార ఉన్నవాటిలోనూ ఈ అంకెలు కలిసి కనిపిస్తుంటాయి. ఏ అంకే లేకుండా, పేరూ ఊరూ లేకుండా ప్లాస్టిక్ గొట్టంలో పోసి అమ్మే రంగు నీళ్లను మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి.